రెండు రబ్బరు రింగులు

మా అన్నయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని అమ్మ మురిపెంగా చెప్పుకునేది. ఆ కోపం ముక్కు దిగి చేతుల్లోకి వచ్చాక చెప్పుకోవడం మానేసింది. మాంసం కొట్టులో పొద్దుటి నుంచి ఎముకలు నరికే చేతులవి. ఇంటికొచ్చాక పని దొరక్కపోతే వదిన మీద పడేవి. పెళ్లయిన కొత్తలో వాడు గ్లాసు విసిరితే ఆమె కనుబొమ్మ చిట్లింది. తర్వాత పక్కటెముక విరిగింది. పెద్దవాణ్ణి పట్టుకుని వాడు అంటున్నానని ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనీ. నా కుట్టుమిషనుతో నేను ఆ ఇంటి మేడగదికి చేరేసరికే, ఏ దెబ్బకు ఏ అబద్ధం చెప్పాలో వదినకు కంఠతా వచ్చు. అడ్డం వెళ్లిన రోజున నా పెదవీ చీలింది.

వదిన మందుల ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించేది. సన్నటి మనిషి, సన్నటి వేళ్లు. మూత లోపల రబ్బరు బిళ్ల వంకరగా కూర్చుంటే చూడకుండానే కనిపెట్టేది. అన్నయ్య ఆమెను పేరుతో పిలిచేవాడు కాదు, పుల్ల అనేవాడు. ముద్దుకి కాదు. వాడు ముద్దు చేసేది పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న ఎర్రటి పాత స్పోర్ట్స్ కారును. రెండే సీట్లు, వాటి వెనకాల ఇంజను. వాడు కారు తుడవడం ముగించి లోపలికి రాగానే వదిన నా చెవిలో, "సవతిగారి స్నానం అయిందట" అనేది. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం.

ఆ కారు ఆయిల్ పైపులు పాడైపోయి షెడ్డు నేలంతా నల్లగా మరకలు పడ్డాయి. ఇంజనులోని ఆయిలును ముందుకు తీసుకెళ్లి, చల్లబరిచి, వెనక్కి తెచ్చే పైపులవి. వాటి మొదలు ఇంజనుకూ ఇనుప చట్రానికీ మధ్య ఇరుకు సందులో, పొగగొట్టానికి పైన ఉంటుంది. ఇంజను దించితే తప్ప కుదరదన్నాడు వీధి చివరి మెకానిక్. నా కారు మీద ఇంకొకడి చెయ్యి పడనివ్వనని అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. తనే స్టాండ్లు తెచ్చి కారు వెనక భాగాన్ని ఎత్తి నిలబెట్టాడు. తీరా చూస్తే వాడి చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోలేదు. పళ్లు కొరుక్కుని వదినను కేకేశాడు.

వదిన కారు కింద వెల్లకిలా పడుకుని ఆ సందులో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. అక్కడ కంటికేమీ కనపడదు, అంతా వేళ్లకే తెలియాలి. నట్టు కదలకపోతే వాడు తిట్టాడు. స్పానరు జారితే బూటుకాలితో ఆమె పిక్క మీద తన్నాడు. నట్టు పూర్తిగా ఊడకముందే ఓపిక చచ్చి, పైనుంచి ఇనుప కడ్డీతో పైపును ఎగదోశాడు. అది ఒక్కసారిగా ఊడి ఆమె ముంజేతిని చీరేసింది. రక్తం, ఆయిలు కలిసి కారుతుంటే పాత గుడ్డ ఒకటి విసిరాడు, కారు పెయింటుకు అంటకుండా. నేను కత్తెర పట్టుకుని మేడమెట్ల మీద నిలబడి ఉన్నాను. దాంతో వాణ్ణి పొడవాలనిపించింది. సొంత అన్నను అలా అనుకోవచ్చా అంటే, అనుకున్నాను.

పైపు ఇంజనుకు ఆనే చోట ఒక రబ్బరు రింగు ఉంటుంది. కొత్త పైపుకు కొత్త రింగు వేయాలి. పాత రింగు పైపుతోపాటు ఊడి రాలేదనీ, లోపలే అతుక్కుని ఉందనీ, గీకి తీస్తాననీ వదిన చెప్పింది. అది ఎప్పుడో కరిగిపోయి ఉంటుందన్నాడు అన్నయ్య. లేదండీ, వేలికి తగులుతోందని ఆమె మళ్లీ అంది. నాకే పాఠాలు చెబుతావా అని కాళ్లు పట్టి బయటికి ఈడ్చి చెంప పగలగొట్టాడు. తల వెళ్లి స్టాండుకు తగిలింది. ఆమె నోట్లోని రక్తం ఉమ్మేసి మళ్లీ కిందికి దూరింది. పాత రింగు మీదే కొత్తది పెట్టి నట్టు బిగించింది.

ఆయిలు పోసి ఇంజను స్టార్ట్ చేస్తే చుక్క కూడా కారలేదు. నేను చెప్పలేదా అన్నట్టు నా వంక చూశాడు. పొగగొట్టం సెగ కొట్టేదాకా ఇంజనును అలాగే ఉంచాడు. ఇప్పుడు తను యాక్సిలరేటరు నొక్కుతాననీ, కింద పడుకుని జాయింటు దగ్గర మొహం పెట్టి చూడమనీ వదినతో చెప్పాడు.

"నేను పడుకోను" అంది వదిన.

ఆమె నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదలు. అన్నయ్య ఆమె జుట్టు చేతికి చుట్టుకుని కిందికి వంచాడు. ఆమె కారు తలుపు పట్టుకుని వదల్లేదు. ఆ వేళ్ల మీద పిడికిలితో గుద్దాడు. అయినా వదల్లేదు. నేను పరిగెత్తి వాడి చొక్కా పట్టుకుంటే ఒక్క విసురుతో మెట్ల దగ్గర పడేశాడు.

"లోపల రెండు రింగులున్నాయి, జాయింటు సరిగా కూర్చోలేదు. గట్టిగా నొక్కితే ఆయిలు తన్నుకొస్తుంది. నన్ను చంపినా సరే, దాని కింద పడుకోను."

అన్నయ్య నవ్వాడు. "పిరికిదానా. పోయి సీట్లో కూర్చో, నేనే చూస్తాను. నొక్కమన్నప్పుడు నొక్కు."

"కాలిపోతారండీ" అంది ఆమె. వాడు వినిపించుకోలేదు. టార్చిలైటు తీసుకుని కారు కిందికి దూరాడు. వదిన సీట్లో కూర్చుంది. నొక్కు అని వాడు కింద నుంచి అరిచాడు. ఇంకా నొక్కు అన్నాడు. ఆమె నొక్కింది. లోపల ఏదో ఫట్టుమని పగిలినట్టయింది. మరిగే ఆయిలు వాడి మొహం మీద, ఛాతీ మీద కుమ్మరించినట్టు పడింది. పొగగొట్టం మీద పడ్డది భగ్గున అంటుకుంది. ఆపు, ఆపు అని వాడు అరుస్తున్నాడు. బూట్లు నేలకేసి కొట్టుకుంటున్నాయి. ఇంజను మోత తగ్గలేదు. అద్దంలోంచి వదిన మొహం కనపడుతోంది. ఎదురుగా గోడను చూస్తోంది.

తర్వాత ఇంజను ఆగింది. ఆమె దిగి, పూలతొట్టిలోని మట్టి తెచ్చి మంట మీద పోసి, వాణ్ణి కాళ్లు పట్టి బయటికి ఈడ్చింది. బతికాడు. కళ్లు పోయాయి, చేతివేళ్లు ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు.

పోలీసులు వచ్చి అడిగితే వదిన ఒకే మాట చెప్పింది. "ఆయన నొక్కమన్నారు, నొక్కాను." అరుపులు ఆమెకు వినపడి ఉంటాయా అని వాళ్లు నన్ను అడిగారు. ఆ మోతలో ఎవరికీ ఏమీ వినపడదని చెప్పాను. నేను ఆమె కంటే దూరంగా, మెట్ల దగ్గర ఉన్నాను. నాకు ప్రతి అరుపూ వినపడింది.