వాగు కలిసేకాడ తీసిన బురద

నేను కొత్తగ చేరిన పని ఏందో మా అమ్మకు సమజ్ చేయనీకి రెండు దినాలు పట్టింది. "కృష్ణల శాపలు పట్టిస్త, నీళ్ల అడుగుకెళ్లి బురద తీస్త, వాటిల్ల విషం ఎంతున్నదో చూస్తరు" అంటే, అమ్మ పొయ్యికాడి నుంచి లేవకుండనే నన్ను ఎగాదిగ చూసి, "బురద తీయనీకి గింత సదువు సదవాల్నా బిడ్డా?" అన్నది.

అప్పటిదాక నేను తిమ్మాజిపేటల ఒక ప్రైవేటు బడిల సైన్సు చెప్పేదాన్ని. నీటి కాలుష్యం పాఠం ఏటా చెప్పిన. ఆ పాఠంల ఉన్న నది ఎక్కడిదో, దాంట్ల నీళ్లు ఎవరు తాగుతరో పిల్లలు అడగలేదు, నేను చెప్పలేదు. మాది కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న నడిగడ్డ. గద్వాల నుంచి ఆటో ఎక్కితే మా ఊరు. మాకు భూమి లేదు. నా చిన్నతనంలనే నాయిన పోతే, అమ్మ విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేన్లల్ల క్రాసింగు పనికి పోయి నన్ను సాదింది. మగపూవు తెంపి దాని పుప్పొడి ఆడపూవుకు రుద్దాలె. ఒక్కొక్క పూవుకు, చేను అయిపోయేదాక. సెలవులల్ల నేను గూడ పోయేదాన్ని. మందు కొట్టిన చేన్ల పనిచేసి వస్తే, అన్నం తినేటప్పుడు గూడ వేళ్లకు ఆ వాసన పోయేది కాదు. గట్టు మీద పడేసిన మందు డబ్బాల మీద సన్న అక్షరాల పేర్లను కూడబలుక్కొని చదివేదాన్ని. ఎమ్మెస్సీల అవే పేర్లు బోర్డు మీద కనిపిస్తే, క్లాసు మొత్తంల ఉలిక్కిపడ్డది నేనొక్కదాన్నే.

హైదరాబాదుల ఒక పరిశోధన సంస్థోళ్లకు నది పక్కన ఉండే మనిషి కావాల్సి వచ్చింది. కెమిస్ట్రీ తెలిసుండాలె, నీళ్ల మీద గుండ్రటి పుట్టిల కూసునే ధైర్యం ఉండాలె. నాకు మొదటిది ఉన్నది, రెండోది ఉన్నదని అబద్ధం చెప్పిన. ఆ ల్యాబు పెద్ద ఒక మేడం. నెల దినాలు నాకు పని నేర్పింది. గద్వాల దిక్కు డ్యాం కింది నుంచి వనపర్తి ఒడ్డు మీదుగ నాగర్‌కర్నూలు దిక్కు కొల్లాపురం నీళ్లదాక కొన్ని జాగలు గుర్తుపెట్టి, ప్రతి కాలంల ఒకసారి అవే జాగలకు పోవాలన్నది. బురద గాజు సీసాలల్లనే పెట్టాలె. మీది రెండు వేళ్ల మందం బురదనే తీయాలె, ఎందుకంటే కొత్తగ వచ్చి పేరుకునేది అదే. శాపను కొలిచి, తూచి, సన్న అల్యూమినియం రేకుల చుట్టి ఐసుల పెట్టాలె. ఆ దినం చేతికి నూనె, క్రీము, గోరింటాకు ఏదీ ఉండొద్దు. ఇంకొకటి, ప్రతి జాగల ఒక ఖాళీ సీస మూత తీసి, పని అయ్యేదాక పక్కన పెట్టి, మళ్ల మూసి అది గూడ పంపాలె. గాలికెళ్లో మన చేతులకెళ్లో ఏమన్న పడితే ఆ ఖాళీ సీస పట్టిస్తదని మేడం చెప్పింది. ఖాళీ సీసను ఐసుల పెట్టి అంత దూరం మోసుడేందని నాకు మనసుల నవ్వొచ్చింది గని, చెప్పినట్లే చేసిన.

పని నేర్చుకునుడు ఒక ఎత్తు, శాపలు దొరుకుడు ఒక ఎత్తు అయింది. మా జాగలల్ల ఒకటి, మా ఊరి పత్తి చేన్ల నడుమ నుంచి వచ్చే ఒక వాగు కృష్ణల కలిసేచోట ఉన్నది. అక్కడ వలలు వేసే ఇండ్లు పదో పన్నెండో ఉన్నయి. వాళ్లల్ల ఒక పెద్దమ్మ గద్వాల మార్కెట్టుకు గంప ఎత్తుకొని పోయి శాపలు అమ్ముతది. ఆమె మాట ఆ ఇండ్లల్ల ఎవరూ దాటరు. నేను సంచి, సీసాలు పట్టుకొని పోతే, ఆమె వల బాగుచేసుడు ఆపకుండనే అడిగింది.

"పరీక్ష చేసి ఏం జేస్తవు?"

"విషమేమన్న ఉంటే తెలుస్తది పెద్దమ్మా."

"తెలిస్తే పేపర్ల ఏస్తరు. పేపర్ల ఏస్తే మా శాప ఎవ్వరు కొంటరు? మందు కొట్టినోడు మంచిగుంటడు, మందు అమ్మినోడు మంచిగుంటడు. మా పొయ్యి ఆరుతది. పో బిడ్డా, నీకు దండం పెడత."

ఆమె చెప్పినదాంట్ల తప్పేమున్నది? ఆ దినం ఉత్తి చేతులతోటి వచ్చి మేడంకు ఫోను చేసిన. "ఫలితం ఏదైనా సరే, బయట ఎవ్వరికీ చెప్పకముందు వాళ్లకే చెప్తమని మాటియ్యచ్చునా మేడం?" అని అడిగిన. మేడం, "ఇవ్వు. కానీ నిలబెట్టుకునే మాట అయితేనే ఇవ్వు" అన్నది.

మర్నాడు మళ్ల పోయి ఆ మాట చెప్పిన. పెద్దమ్మ వల పక్కన పెట్టి, "మంచిగున్నా మాకే ముందు చెప్తవు, చెడ్డగున్నా మాకే ముందు చెప్తవు. అంతేనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత లోపలికి చూసి పెనిమిటిని పిలిచింది. "ఓ అయ్యా, పుట్టి తియ్యి. ఈ బిడ్డకు నీళ్లంటే భయమున్నట్టున్నది, మెల్లగ తోలు."

ఆ పెదనాయిన నవ్వుకుంట తోలిండు. బురద తీసే సామాను ఇనుముది. రెండు దవడలు తెరుచుకొని తాడు మీద కిందికి పోతది, అడుగు తాకంగనే మూసుకొని పిడికెడు నేలను కరుచుకొని వస్తది. ఆయన దానికి మొసలి అని పేరు పెట్టిండు. "మా మొసలి దేన్ని పట్టింది ఇయ్యాల?" అని ప్రతిసారి వంగి చూసేటోడు. అడుగున మేసే జెల్లలు, మీద తిరిగే బొచ్చెలు, రవ్వలు వేరువేరుగ పట్టిచ్చేటోడు. ఏ శాప ఎక్కడ మేస్తదో, ఎప్పుడు బురదల మూతి పెడతదో నాకు పుస్తకం కన్న ఎక్కువ చెప్పింది ఆయననే.

ఐసు పెట్టె పట్టుకొని నేనే బస్సుల హైదరాబాదు పోయేదాన్ని. ఒకసారి కండక్టరు పెట్టెను కాలితోటి తట్టి "అండ్ల ఏంది?" అన్నడు. "బురద" అన్న. "హైదరాబాదుల బురద కరువైందా ఏంది?" అంటే బస్సు బస్సంత నవ్వింది. నేను గూడ నవ్విన గని, పెట్టె మీదికెళ్లి చెయ్యి తియ్యలే.

మొదటి రెండుసార్లు చెప్పుకోదగ్గది ఏమీ రాలేదు. మూడోసారి వానకాలం చివర, పత్తికి మందులు బాగ కొట్టే దినాలల్ల తీసిన బురద అది. ఈసారి మేడం ఫోనుకెళ్లి ల్యాబుల యంత్రం చూసే ఒక సారు మాట్లాడిండు. మిగిలిన జాగలన్నీ ఉండాల్సిన దాంట్లనే ఉన్నయట. వాగు కలిసేకాడి బురదల, అక్కడి జెల్లలల్ల మాత్రం పురుగుమందు మస్తు ఎక్కువున్నదట.

"ఇది నమ్మేటట్టు లేదమ్మా" అన్నడు ఆయన. "మీ ఊర్లో అందరూ పత్తి పని చేస్తరు కదా. మీ ఇంట్లో, నీ చేతులకు, బట్టలకు ఆ మందు అంటి ఉండొచ్చు. అది సీసాలోకి వచ్చి ఉంటది."

నాకు మస్తు కోపమొచ్చింది. ఇన్ని దినాలు చదివి, ఇన్ని జాగ్రత్తలు తీసుకొని, చివరికి నా చేతులు పత్తి చేన్ల కూలిదాని చేతులే అయినయి.

"సార్, అదే జాగల మూత తీసి పెట్టిన ఖాళీ సీస మీ తాన ఉన్నది. దాన్ని చూసిన్రా?"

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వచ్చింది. ఖాళీ సీసను ఇంకా యంత్రంల పెట్టలేదట. రెండు దినాలకు మేడం ఫోను వచ్చింది. "ఖాళీ సీస శుభ్రంగా ఉంది. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు. అయినా నేనే వస్తాను, ఇద్దరం కలిసి మళ్లీ తీద్దాం" అన్నది. ఆ మాట విన్నప్పుడు నేను గద్వాల బస్టాండుల నిలబడి ఉన్న. ఎవ్వరూ చూడకుండ నా రెండు చేతులను ముందుకు పెట్టి చూసుకున్న.

మేడం వచ్చింది. పుట్టిల ఎక్కి నాకన్న ఎక్కువ భయపడ్డది. పెదనాయిన ఆమెకు గూడ మెల్లగనే తోలిండు. ఆమె ఒక సీస నింపింది, నేను ఒక సీస నింపిన. రెండింటిల అదే ఎక్కువ లెక్క వచ్చింది. అప్పుడు ఆ సారు ఫోను చేసి, "నేను తొందరపడి అన్న. తప్పయింది" అన్నడు. అట్ల అనేటోళ్లు మస్తుమంది ఉండరు. ఆయన మీద నాకు ఇప్పుడు కోపం లేదు.

ఇగ మాట నిలబెట్టుకునే వంతు వచ్చింది. పెద్దమ్మ ముందల కూసొని ఉన్నదున్నట్టు చెప్పిన. నది శాప మంచిగున్నది. వాగు కలిసేకాడ అడుగున తిరిగే జెల్లలు మాత్రం తినొద్దు, అమ్మొద్దు. ఆమె తిడతదనుకున్న. ఆమె వేళ్లు మడిచి లెక్కవెట్టుకుంటున్నట్టు అడిగింది. "రవ్వ తినొచ్చునా? బొచ్చె? ఎంత దూరం పోయి వలేస్తే భయం లేదు?" నేను ఒక్కొక్కదానికి చెప్పిన. తెల్వనిది తెల్వదన్న. చివరికి ఆమె లేచి, "మాకు ముందు చెప్తనన్నవు, చెప్పినవు. ఇగ ఆ మందు వాగుల ఎట్ల పడుతుందో అది చూడాలె. నడువు, మీ ఊరికి పోదం" అన్నది.

మందు వాగుల ఎట్ల పడుతుందో నాకు తెలుసు. అందరికీ తెలుసు. పొద్దూకేవరకు రైతులు మందు కొట్టే పంపులు, డబ్బాలు ఆ వాగులనే కడుగుతరు. తిరిగి నింపుకోనీకి నీళ్లు గూడ అక్కడనే ముంచుతరు. తెలిసి గూడ ఎవ్వరం అనుకోలేదు, అంతే.

ఆదివారం చర్చిల ప్రార్థన అయినంక పంచాయతీ ముందల మీటింగు పెట్టించినం. మేడం వచ్చింది, వ్యవసాయ ఆఫీసరు వచ్చిండు. వాగు దిక్కు ఇండ్లోళ్లు వచ్చి ఒక పక్కన నిలబడ్డరు. నేను కాగితం చూసి చెప్తుంటే, మస్తు ఎకరాలల్ల సీడు పత్తి వేసే ఒక పెద్ద రైతు మధ్యల అందుకున్నడు. "మందు కొట్టకుండ పత్తి పండిస్తవా నువ్వు? ఈ పొల్ల చెప్తే మేము వ్యవసాయం బందు చేసుకోవాల్నా?"

అప్పుడు ఆడోళ్ల నడుమ నుంచి మా అమ్మ లేచింది. నలుగురిల మాట్లాడంగ నేను ఎన్నడు చూడలే.

"కొట్టొద్దని ఎవ్వరంటున్నరు పటేలా? వాగుల కడగొద్దంటుంది నా బిడ్డ. నీ చేన్ల పనికి వచ్చిన్నాడు నీ డబ్బాలు ఆ వాగుల కడిగింది నేనే. కడిగిన చేతులతోటే ఆ నీళ్లు తాగిన. నాకు తెల్వక చేసిన. ఇప్పుడు తెలిసె. తెలిసినంక గూడ కడిగితే పాపం నాది, కడగమన్నోళ్లది."

ఆ పెద్ద రైతు తువ్వాలతోటి మొహం తుడుచుకొని, "మరి ఏడ కడగాలె, అది చెప్పున్రి" అన్నడు. ఆఫీసరు లేచి చెప్పిండు. కడిగిన నీళ్లను పంపులనే పోసి చేనుకే కొట్టాలె, ఖాళీ డబ్బాలకు బొక్క పొడిచి ఒకతాన కూడబెట్టాలె, నీళ్లు నింపుకోనీకి వాగుకు దూరంగ ఒక తొట్టి కట్టాలె అని. తొట్టికి జాగ ఆ రైతే ఇచ్చిండు. మొదట్ల కొందరు ఒప్పుకోలేదు, కొందరు దొంగతనంగ వాగుకే పోయిన్రు. క్రాసింగుకు పోయే ఆడోళ్లు మాత్రం ఆ వాగుల డబ్బాలు ఇగ కడిగేది లేదని తెగేసి చెప్పిన్రు. వాళ్లకు ముందల మా అమ్మనే.

రెండు వానకాలాలు గడిచినయి. ప్రతి కాలంల నేను అక్కడి బురద తీస్తనే ఉన్న. విషం పూర్తిగ పోలేదు. బురద అంత తొందరగ మరువదు. గని ప్రతిసారి అంతకు ముందుకన్న తగ్గుకుంట వచ్చింది. పోయినసారి వచ్చిన కాగితాన్ని నేను పెద్దమ్మకు చదివి వినిపించిన. ఆమె దాన్ని మళ్ల చదివించుకున్నది. జెల్లలు ఇంకొక ఏడాది ఆగి చూద్దమని ఆమెనే అన్నది. "ఇన్ని దినాలు ఆగినోళ్లం, ఇంకిన్ని దినాలు ఆగలేమా" అన్నది.

ఈ నడుమ సంస్థోళ్లు వనపర్తి, నాగర్‌కర్నూలు దిక్కు వాగులు గూడ చూడాలని పని పెంచిన్రు. గోపాల్‌పేట నుంచి వచ్చిన ఇద్దరు డిగ్రీ పొల్లలకు, వాగు దిక్కు ఇండ్ల కోడండ్లు ముగ్గురికి నేనే పని నేర్పుతున్న. కొల్లాపురం దిక్కు పోయినప్పుడు ఒకసారి అమ్మను గూడ తీసుకపోయిన. కృష్ణ అంత వెడల్పు ఉంటదని ఆమెకు తెల్వదు. ఒడ్డున నిలబడి చాలసేపు చూసి, కొంగు బిగించి పుట్టిల ఎక్కి, తాడు ఒక కొస తనే పట్టుకున్నది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుల పక్క సీటామె ఐసు పెట్టెను చూసి, "మీ బిడ్డ ఏం పని చేస్తదమ్మా?" అని అడిగింది. అమ్మ కూసున్నకాడ సర్దుకొని, మొసలి దవడల నుంచి మొదలువెట్టి, సీసాలు, ఐసు, హైదరాబాదు యంత్రం దాక అంత చెప్పింది. పెబ్బేరు దాటినా ఆమె చెప్పుడు అయిపోలేదు. నడుమ ఒకటి రెండు మాటలు తప్పు చెప్పింది. నేను కిటికీ దిక్కు తిరిగి వింటున్న. దిద్దలేదు.