గుడ్ల సంగతి చెప్పిన అక్క

పత్రికాఫీసులో అందరూ ఆమెను వేషాలమ్మ అనేవారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె కట్టని వేషం లేదు. ఆసుపత్రిలో ఆయా, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు టీ అమ్మే మనిషి, ఇసుక లారీల దగ్గర కూలీ. అవినీతిపరుల గుట్టు రట్టు చేయడమే పని. వార్త కింద పేరుండదు, పేపర్లో ఫొటో ఉండదు. "నీకు ఏ పనీ నిలవదేంటే" అని తల్లి పోయేదాకా వాపోయింది, పాపం. ఆవిడకు కూడా నిజం చెప్పలేదు మరి.

ఆఖరి వేషం అనాథ పిల్లల హాస్టల్లో. పిల్లల పాలు, నూనె, గుడ్లు వెనక గేటు నుంచి బయటికి పోతున్నాయని కబురు. అయితే ఆ వంటింట్లోకి కొత్తవాళ్లను ఊరికే రానివ్వరు. లోపలివాళ్లు ఎవరో ఒకరు మా మనిషేనని పూచీ పడాలి. బస్టాపులో పరిచయమైన ఈ దిక్కులేనిదాన్ని చూసి పెద్ద వంటమనిషి జాలిపడింది. "మా చెల్లెలండి" అని మేనేజరుతో చెప్పింది. చెల్లెలికి అన్నం వార్చడం కూడా రాదని మొదటిరోజే తేలిపోయింది. "ఇన్నాళ్లూ ఏం తిని బతికావే తల్లీ" అంటూ అక్క అన్నీ నేర్పింది.

ఒకరోజు గిన్నెలు తోముతూ అక్క మనసులో మాట చెప్పేసింది. తనిఖీకి ఆఫీసరు వచ్చిన రోజు ప్రతి కంచంలో ఉడికించిన గుడ్డు పెడతారు. ఆయన కారెక్కగానే తీసేస్తారు.

"కొరికితే హోటలుకి పంపడానికి పనికిరావు కదా. ముట్టుకోకుండా కూర్చోవడం పిల్లలకి నేర్పింది నేనేనే" అని ఏడ్చింది.

వార్త అచ్చయింది. మేనేజరు సస్పెండయ్యాడు. అక్క పేరు రానివ్వలేదు కదా అని వేషాలమ్మ నిశ్చింతగా ఉంది. ఎంత తెలివితక్కువతనం! పేరు దాచింది గానీ ఆ మాటను ఉన్నదున్నట్టు రాసేసింది. పిల్లలకు నేర్పింది ఎవరో ఆ వంటింట్లో అందరికీ తెలుసు. సాయంత్రానికల్లా అక్క ఉద్యోగం ఊడింది. పసిపిల్లల నోటి దగ్గర కూడు లాగేసిందని వీధిలో ఆడవాళ్లు మొహం మీదే అన్నారు. వేషాలమ్మ వెళ్లి పిలిస్తే అక్క తలుపు తీయలేదు.

విచారణకు వేషాలమ్మ తానే సాక్షిగా వచ్చింది. మేనేజరు వకీలు ఒకటే పట్టు పట్టాడు. ఈవిడ ఆ వంటింట్లో అడుగే పెట్టలేదు, రాసిందంతా కట్టుకథ అన్నాడు. దొంగపేరుతో చేరిన మనిషికి ఆధారమెక్కడిది? మిగతా పనివాళ్లంతా ఎరగమన్నారు. అక్క కూడా ఆ మాటే అంటే మేనేజరు మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంటాడు. అనదని వేషాలమ్మకు ఏ మూలా నమ్మకం లేదు.

"ఈమె మీకు తెలుసా?" అని విచారణాధికారి అడిగాడు.

అక్క ఇటు చూడలేదు. "తెలుసండి. మా చెల్లెలని చెప్పి నేనే పనిలో పెట్టించాను. గుడ్ల సంగతి చెప్పింది నేనే. పిల్లలకి నేర్పిందీ నేనే. రాసుకోండి."

బయట మెట్ల మీద వేషాలమ్మ ఆమె వెనకే పరుగెత్తింది. "అక్కా" అని పిలిచింది.

"లోపల చెప్పింది పిల్లల కోసం" అంది ఆమె, సంచి భుజాన వేసుకుంటూ. "నన్ను మాత్రం ఇంక అక్కా అని పిలవకు."