రాక్‌కు అవతలి వైపు

పైనున్న సర్వర్‌ను ముందుకు లాగాను. పట్టాలు చివరిదాకా వచ్చి టక్కున తాళం పడింది. ఆ వెంటనే ఇంకో చప్పుడు విన్నాను, గచ్చు మీద చెంచా పెట్టినంత చిన్నది. రాక్ వెనక చక్రాలు నేలను వదిలిన చప్పుడు అది. మనిషెత్తు ఇనుప రాక్ ముందుకు వంగుతోంది. దాని ముందు, చాప మీద, మూడేళ్ళ నా కొడుకు నిద్రపోతున్నాడు.

ఆ తర్వాత జరిగింది రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. దయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలు ఎవరన్నా అంటే మొహం మీదే నవ్వే మనిషిని నేను. బీసీఏ చదివాను. కరెంటు పోతే ముందు ఫ్యూజు చూస్తాను, తర్వాతే దీపం వెతుకుతాను. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను. దాచుకోవాలనిపించే ముక్క ఒకటి ఇందులో ఉంది. అదీ రాస్తాను.

మాది సూరత్‌లో భేస్తాన్. అత్తగారివాళ్ళు సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో మాస్టర్, అంటే మగ్గం చెడిపోతే బాగుచేసే మనిషి. నేను సలాబత్‌పురాలో చీరల డిజైన్లు గీసే ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. గీసిన డిజైన్లన్నీ ఒక సర్వర్‌లో ఉంటాయి. పాండేసరలోని మిల్లులు తమకు కావలసినవి అందులోంచి తీసుకొని బట్ట మీద అచ్చు వేస్తాయి.

కరోనా రెండోసారి ఊపందుకున్నప్పుడు ఆఫీసు ఉన్న గల్లీని మూసేశారు. సేఠ్ ఫోన్ చేసి, సర్వర్‌ను నీ ఇంట్లో పెట్టుకుని నడపగలవా అని అడిగాడు. కాదంటే ఉద్యోగం ఉండదని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

టెంపోలో రాక్‌తో పాటు రెండు పెట్టెలు వచ్చాయి. ఒకటి అసలు సర్వర్, రెండోది దాని నకలు దాచే పాతది. ఒక్కొక్కటి నిండు గ్యాస్ సిలిండర్ అంత బరువు. వాటితో వచ్చిన పుస్తకం మొత్తం చదివాను. బరువు అట్టడుగున ఉండాలి. రాక్ ముందు అడ్డకాళ్ళు బిగించి ఉండాలి. ఇద్దరు లేకుండా పెట్టెలను ఎత్తకూడదు. ఒకేసారి రెండింటిని బయటికి లాగకూడదు. లాగితే రాక్ మన మీద పడుతుంది. బొమ్మ కూడా వేసి ఉంది, కింద ఒక మనిషి పడిపోయినట్టు.

చదివినవాటిలో కొన్ని చేశాను. ఎర్తింగ్ కోసం మా ఆయనతో విడిగా తీగ లాగించాను. వెనక వేడిగాలి పోవడానికి జాగా వదిలాను. కానీ బరువు అడుగున పెట్టలేదు. మా వాడలో ఎవరూ పెట్టరు. వానాకాలం ఖాడీ, అంటే పక్కనున్న వాగు, పొంగితే మురుగునీళ్ళు గడప దాటి వస్తాయి. అందుకే మా దగ్గర ఫ్రిజ్ ఇటుకల మీద ఉంటుంది, మిక్సీ అటక మీద ఉంటుంది. కరెంటుతో నడిచేది ఏదైనా పైన ఉండాలన్నది మాకు ఆలోచించి చేసే పని కాదు, చెయ్యి దానంతటదే పైకి పోతుంది. అలా రెండు పెట్టెలనూ రాక్ పై అరల్లో బిగించి, కింద ఖాళీగా వదిలేశాం. వానలకు ఇంకా నెలకు పైగా ఉంది. అడ్డకాళ్ళు మా అమ్మాయి హారిక కాలివేలికి తగిలి గోరు ఊడితే తీసేశాను.

అత్తమ్మ రాక్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను విసుక్కుంటే, "మొగ్గానికి పెట్టమా? ఇప్పుడు అన్నం బెట్టేది గిదే గదనే," అంది. మర్నాడు దుమ్ము పడకుండా దాని మీద పాత చీర కప్పింది. మగ్గం ఆగినప్పుడు అలాగే కప్పుతారు. కప్పితే గాలాడక కాలిపోతుందని చెప్పి తీసేశాను. "చదువుకున్నదానివి, నీకెరుక," అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. పెట్టెలను టెంపోలోంచి దించిన రోజు మా ఆయన అటు, నేను ఇటు పట్టుకున్నాం. కార్ఖానాలో బీమ్‌ను, అంటే నూలు చుట్టిన బరువైన ఇనుప దుంగను, ఇద్దరు మోస్తారు. మగ్గాల మోతలో మాట వినపడదు. అందుకని అవతలి మనిషి బరువంతా తన చేతుల మీదికి తీసుకున్నాక చిన్నగా ఒకసారి తన వైపు గుంజుతాడు. నాకు అందింది, నువ్వు వదలొచ్చు అని అర్థం. సర్వర్‌ను రాక్‌లోకి ఎక్కించేటప్పుడు మా ఆయన అలాగే గుంజాడు. నాకు తెలియక పట్టుకునే ఉన్నాను.

"గుంజితె ఇడిచిపెట్టాలె, సరితా. లేకుంటె ఇద్దరి నడుములు పోతయ్," అన్నాడు.

తర్వాత ఆయనకు జ్వరం వచ్చింది. కోవిడ్ సెంటర్‌లో చేర్చుకున్నారు. ఆక్సిజన్ పెట్టేంత కాలేదుగాని ఇంటికి పంపలేదు. రోజూ మధ్యాహ్నం అత్తమ్మ టిఫిన్ డబ్బా తీసుకొని ఆ గేటు దాకా పోయి ఇచ్చి వచ్చేది.

ఆ రోజు కూడా ఆమె పోయింది. హారిక ముందు గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని క్లాసు వింటోంది. చిన్నవాడు బిట్టూ లోపలి గదిలో నిద్రపోయాడు. ఇంట్లో ఏసీ ఉన్నది సర్వర్ కోసం ఆ ఒక్క గదిలోనే, వాడు ఎప్పుడూ రాక్ ముందే పడుకునేవాడు. ఆ దీపాలంటే వాడికి ఇష్టం.

సర్వర్ కూతపెట్టడం మొదలుపెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. లోపల వేడెక్కుతోంది. పక్క కార్ఖానా నుంచి వచ్చే నూలు పొట్టు ఫ్యాన్లలో ఇరుక్కుని ఉంటుందని నాకు తెలుసు. అంతలో సేఠ్ ఫోన్. మిల్లు వాళ్ళు ఆయన ప్రాణం తీస్తున్నారు. "బెన్, జల్దీ కరో," అన్నాడు, తొందరగా చెయ్యమ్మా అని, మళ్ళీ "జల్దీ, బెన్," అన్నాడు.

సర్వర్‌ను పద్ధతిగానే ఆపాను. దానికి కరెంటు తీగలు రెండుంటాయి, రెండూ పీకాను. దాని కింది అరలోని పాతదాన్ని ముందు లాగి, బ్రష్‌తో దుమ్ము తీశాను. అది పూర్తిగా బయటికి వస్తే తాళం పడుతుంది. మళ్ళీ లోపలికి పోవాలంటే అటూ ఇటూ ఉన్న క్లిప్పులను రెండు చేతుల బొటనవేళ్ళతో ఒకేసారి నొక్కాలి. తర్వాత నొక్కుదాంలే అని దాన్ని అలాగే వదిలి పైదాన్ని లాగాను.

బిట్టూను ముందు గదిలోకి మార్చాలని అనుకోకపోలేదు. లేస్తే ఏడుస్తాడు, మళ్ళీ ఎత్తుకుని తిరగాలి, సేఠ్ మళ్ళీ ఫోన్ చేస్తాడు. వాణ్ణి దాటుకుని పోయి నిలబడ్డాను.

చక్రాలు లేచిన చప్పుడు ఆ తర్వాతదే.

ఇప్పుడు దాచుకోవాలనిపించే ముక్క. నేను కుడిపక్కన ఉన్నాను. బిట్టూ కాలు నా కాలికి తగులుతోంది. వంగి ఒక్క గుంజు గుంజితే వాడు ఇవతలికి వచ్చేవాడు. నా చేతులు వాడి వైపు పోలేదు. పెట్టె వైపు పోయాయి. పడిపోతున్న బిందెను పట్టుకున్నట్టు సర్వర్‌ను కింద నుంచి రెండు చేతులా పట్టుకున్నాను. ఆ క్షణంలో నా తలలో ఉన్నది డిజైన్లు. అది పగిలితే సేఠ్‌కు ఏం చెప్పాలి అన్న మాట. అంత స్పష్టంగా గుర్తుంది కాబట్టే తప్పించుకోలేకపోతున్నాను.

నా ఒక్కదాని చేతులతో ఆగే బరువు కాదు అది. మోచేతులు దిగిపోతున్నాయి. రాక్ ఇంకా వంగింది.

అప్పుడు అవతలి వైపు నుంచి ఎవరో బరువు అందుకున్నారు.

దీన్ని ఇంకోలా చెప్పడం నాకు రాదు. ఇద్దరు కలిసి ఏదైనా మోసినవాళ్ళకు తెలుస్తుంది. అవతలి మనిషి చెయ్యి వేసినప్పుడు బరువు తగ్గడం ఒక్కటే కాదు, అది నిలకడగా అవుతుంది. అలా నిలకడ వచ్చింది. తర్వాత ఇనుములోంచి నా వేళ్ళకు చిన్న గుంజుడు తెలిసింది. ఒక్కసారే, నెమ్మదిగా.

నేను వదిలేశాను. చేతులు వాటంతటవే వదిలేశాయి. అప్పుడు, పెట్టెకు ఇంకొకరు ఉన్నారని తెలిశాక, కొడుకు వైపు తిరిగాను. కాలు పట్టి లాగి ఎత్తుకున్నాను. వాడు లేచి ఏడ్చాడు. ఆ ఏడుపు విని హారిక గుమ్మంలోకి వచ్చింది.

మా ఇద్దరి కళ్ళ ముందే రాక్ వెనక్కి పోయింది. ధబ్బున కాదు. జాగ్రత్తగా దించినట్టు, ముందు ఒక చక్రం, తర్వాత రెండోది. బయటికి వచ్చి తాళం పడి ఉన్న పాత పెట్టె రెండు క్లిప్పులూ ఎవరో ఒకేసారి నొక్కినట్టు టక్కుమని లోపలికి జరిగిపోయింది.

అవతలి వైపు, అంటే ఎడమపక్క, గోడ. రాక్‌ను గది మూలకు పెట్టాం, లాగిన పెట్టెలకూ గోడకూ మధ్య బెత్తెడు సందు. మనిషి కాదు, పిల్లి కూడా నిలబడలేదు.

హారిక కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. బిట్టూను దాని చేతికిచ్చి బయట కూర్చోమన్నాను. ఆ తర్వాత నేనేం చేశానో చెప్పడానికీ సిగ్గే. వాడి ఏడుపు ఆగకముందే ఫ్యాన్లు తుడిచాను. తీగలు పెట్టాను. సర్వర్ మొదలైంది. సేఠ్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు.

సాయంత్రం మా ఆయనతో మాట్లాడుతూ, మధ్యాహ్నం ఏం చేశావని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఏం జేస్త. ఖిచిడీ వెట్టిండ్రు, తిన్న, పండుకున్న. పక్క మంచపాయన గురకకు లేచిన. ఎందుకు?"

ఊరికే అన్నాను. సర్వర్‌ను ఒక్కదాన్నే లాగానని మాత్రం చెప్పాను. ఫోన్‌లోనే తిట్టాడు. తిట్లు హాయిగా ఉన్నాయి.

అత్తమ్మకు మాత్రం ఆ గుంజుడు గురించి చెప్పాను. నేను నవ్వినట్టు ఆమె నవ్వలేదు. ఏ పక్క నుంచి అని అడిగింది. ఎడమ పక్క అన్నాను. ఆ సందులోకి చెయ్యి పెట్టి చూసింది.

"చనిపోయిన మామయ్య కావచ్చా?" అని అడిగాను. అడుగుతున్నది నేనేనా అనిపించింది.

"మీ మామ ఏనాడు బీమ్ మోసిండే, ముకద్దము పని ఆయనది, కూసుండి పనోళ్ళ మీద అరిసుడే," అంది. సందులోంచి చెయ్యి తీసుకుని, "ఈ నెలల మన వాడల ఎంతమంది పోలే. అందరు మోసి మోసి పెరిగినోళ్ళే. ఎవ్వరైతేంది, పడేది చూస్తె చెయ్యి ఆగుతదా వాళ్ళకు," అంది.

ఆ రోజే ఆమె వెనక నుంచి పట్టుకుని ఉండగా పరీక్షించి చూశాను. రెండు పెట్టెలూ లాగితే రాక్ వంగుతుంది. వంగినది తనంత తాను వెనక్కి రాదు. ముందుకు వంగినప్పుడు పెట్టె ఇంకా బయటికి జారాలిగాని లోపలికి పోదు. క్లిప్పులు నొక్కితే తప్ప తాళం వదలదు. గచ్చు వాలు, చక్రాలు, భయంలో నా చేతికి వచ్చిన బలం, అన్నీ ఆలోచించాను. దేనికీ లెక్క కుదరలేదు. తర్వాత పాత పెట్టెను తీసి ఇనుప స్టూలు మీద పెట్టాం. మా ఆయన వచ్చాక రాక్‌ను గోడకు బోల్టులతో బిగించాడు. కొన్ని నెలలకు ఆఫీసు తెరిచారు, అన్నీ అక్కడికే వెళ్ళిపోయాయి.

వివరణ నాకు ఇప్పటికీ దొరకలేదు. నిజం చెప్పాలంటే వెతకడం మానేశాను. అక్కడ ఎవరూ లేరని తేలితే నా లెక్క తప్పు. ఎవరో ఉన్నారని తేలితే, వాళ్ళు నా ఎదురుగా బెత్తెడు దూరంలో ఉన్నారు. నా చేతులు ముందు ఎటు పోయాయో చూశారు. పిల్లలు పడుకున్నాక ఇలా ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు నాకు భయం వేసేది వాళ్ళను తలచుకుని కాదు. వాళ్ళు చూసినదాన్ని తలచుకుని.

అది జరిగిన మర్నాడు పొద్దున పిల్లలకు చాయ్‌లోకి బిస్కెట్లు పెట్టాను. హారిక తను చూడని ముక్క కూడా అల్లుకుని అప్పటికే తమ్ముడికి కథంతా చెప్పేసింది. చేతులు చాచి, పళ్ళు బిగించి, రాక్‌ను ఎలా ఆపానో చేసి చూపించింది. "మమ్మీ ఒక్కతే ఆపిందిరా. పహిల్వాన్ లెక్క."

బిట్టూ బిస్కెట్ నములుతూ నన్ను చూశాడు.

"మమ్మీ, నన్ను పట్టుకున్నవా?"

"పట్టుకున్న బిడ్డా," అన్నాను. "ముందు నిన్నే పట్టుకున్న."