సిర్కా వీపు మీది మచ్చ

సిర్కా ఫిన్లండ్‌లో, మా కుఓపియో ఊళ్లో బస్సు నడిపేది. ఆలస్యంగా పరిగెత్తుకొచ్చేవాళ్ల కోసం బస్సు ఆపేది, ఎక్కాక చెడామడా తిట్టేది. అలాంటి మనిషి అరవైకి దగ్గరపడ్డాక చర్మవైద్యుడి చుట్టూ తిరుగుతుంటే, పక్కింటిదాన్ని, నేనూరుకుంటానా?

"ఈ వయసులో ఎవరి కోసమే ఈ సోకులు?"

"మా అమ్మ కోసం."



శనివారం సౌనాలో, అదే ఆవిరిస్నానపు గదిలో, మేమిద్దరమూ, ఆమె తల్లి హెల్వీ కలిసే కూర్చుంటాం. ఒంటి మీద నూలుపోగు ఉండదు కాబట్టి దాపరికమూ ఉండదు. సిర్కా పసిపిల్లగా ఉన్నప్పుడు, సౌనా పొయ్యి పక్కనే ఉందని చూసుకోకుండా హెల్వి ఆవిరి కోసం పొయ్యి మీద కాగిన రాళ్ల మీద నీళ్లు కుమ్మరించింది. ఆవిరి ఎగదన్ని పిల్ల వీపు కాలింది. తాడులా పొంగిన మచ్చ మిగిలింది.

ఇప్పుడు హెల్వికి మతిమరుపు జబ్బు. నన్ను ఎప్పుడో మరిచిపోయింది. కూతురి ముఖం చూసినా తడబడుతుంది. వీపు రుద్దేటప్పుడు మాత్రం మచ్చ చేతికి తగిలి, "అయ్యో తల్లీ, నేనే కదే కాల్చాను!" అని గుండెలు బాదుకుంటుంది. మళ్లీ శనివారానికి మరిచిపోయి, మళ్లీ మొదటిసారిలాగే ఏడుస్తుంది. చూడలేకపోయేదాన్ని.

డాక్టరు ఉన్నమాటే చెప్పాడట. "పాత మచ్చ పూర్తిగా పోదు. సూదిమందుతో పొంగు అణుగుతుంది, లేజర్‌తో నునుపు తేలుతుంది. కోసి కుడితే ఆ కోత ఇంకో మచ్చ."

"అమ్మ చేతికి తగలకపోతే చాలు," అంది సిర్కా. చలికాలమంతా పళ్లబిగువున సూదులు పొడిపించుకుంది.

మంచు కరిగాక ఒక శనివారం హెల్వి సబ్బు చేత్తో కూతురి వీపు రుద్దింది. ఆ చెయ్యి మచ్చ చోటికి వెళ్లి ఆగింది. అటూ ఇటూ వెతికింది. ఏడుపు లేదు. సిర్కా నావైపు చూసి నవ్వింది. ఎంత మురిసిపోయిందో!

"నువ్వెవరమ్మా?" అంది హెల్వి, తువ్వాలు ఒంటికి చుట్టుకుంటూ.

"నేనే అమ్మా, సిర్కాని."

"ఛ, మా సిర్కాకి ఇక్కడ కాలిన మచ్చ ఉంటుంది. మా పిల్లేదీ? పొయ్యి దగ్గరికి వెళ్లిందేమో, కాస్త పిలవండమ్మా!"

సిర్కా బయటికి నడిచింది. కాసేపటికి తలుపు తట్టి, "అమ్మా, వచ్చాను," అంది.

హెల్వి ఆత్రంగా లేచి, ఆమెను వెనక్కి తిప్పి, వీపు తడిమి చూసింది. కాదన్నట్టు తల ఊపి, మళ్లీ తలుపువైపు చూస్తూ కూర్చుంది.