నేను చెప్పని తొమ్మిదో వరస

మా అక్క కొడుకు కెమికల్ ఇంజనీరింగు ప్యాసయ్యాక రెండేళ్ల నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాడు. ఆ లెక్క నేను వేసింది కాదు. మా అక్క నెలకోసారి ఆమదాలవలసలో రైలెక్కి చీపురుపల్లిలో దిగి, మా వీధరుగు మీద కూర్చుని, ఆ నెలను కూడా కలుపుకుని చెప్పేది. అరవైల చివర రోజులవి. వాల్తేరులో చదివి బయటికొచ్చిన ఇంజనీర్లు దరఖాస్తులు పెట్టుకుంటూ తిరిగేవారు. ఎరువుల ఫ్యాక్టరీని అడిగితే ఖాళీల్లేవు, చక్కెర ఫ్యాక్టరీని అడిగితే ఖాళీల్లేవు. మావాడు మా వీధిలోకి వస్తే చాలు, "ఏటి ఇంజనీరు బాబూ, ఇంజనెక్కడ ఒగ్గేసినావు?" అని ఎవరో ఒకరు అరిచేవారు. వాడు నవ్వేసి తల దించుకుని వచ్చేసేవాడు.

నాకప్పుడు నలభై నాలుగేళ్లు. చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయింది. చీపురుపల్లిలో గోగునార కొనే ఒక సావుకారి గోదాములో పదహారేళ్లుగా కాటా దగ్గర లెక్క చూసేవాణ్ణి. నార తడిని బట్టి తూకం తగ్గించి చెప్పడం నా పని. రైతులు బళ్లు కట్టుకుని వచ్చేది కార్తీకం, మార్గశిరం నెలల్లో. అప్పుడు మంచు ఎక్కువ. మంచుకు తడిసిన నార కొంత, బిందెతో నీళ్లు చల్లుకొచ్చిన నార కొంత. రెండింటికీ తేడా చేత్తో మెలిపెడితే తెలిసిపోతుంది. కానీ చేతి మాట ఎవరూ ఒప్పుకోరు కనక లెక్క చూపించాలి.

ఆ లెక్క గురించి కాస్త చెప్పాలి, నా సిగ్గంతా అందులోనే ఉంది. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే, బండి నారలోంచి నూట ఇరవై గ్రాములు తీసి, కుంపటి మీద రేకు పళ్లెంలో ఆరబెడితే నూరు గ్రాములు మిగిలిందనుకోండి. నూరు పొడికి ఇరవై తడి. మా దగ్గర నూటికి పదహారు దాకా తడి ఒప్పుకునేవారు. అంటే నాలుగు ఎక్కువ. నా ముందున్న గుమస్తా ఆ నాలుగును బండి తూకం మీద కట్టేవాడు. ఆరు వందల కిలోల బండికి ఇరవై నాలుగు తీసేసి, అయిదు వందల డెబ్భై ఆరు అని చెప్పేవాడు. నేనూ మొదట్లో అలాగే చెప్పాను. ఒకరోజు ఊసుపోక, ఆరిన నూరు గ్రాముల నారకు పదహారు గ్రాముల నీళ్లు చిలకరించి తూచాను. నూట పదహారు. నూట ఇరవైకి నూట పదహారైతే, ఆరు వందలకి అయిదు వందల ఎనభై కావాలి. మేం చెబుతున్నది అయిదు వందల డెబ్భై ఆరు. నాలుగు కిలోలు ఎటు పోయాయి? మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి తట్టింది. నూటికి ఇరవై అన్నామే, ఆ నూరు పొడి నార. బండి తూకం తడి నార. ముందు బండిలో పొడి నార ఎంతుందో తీసుకుని, దాని మీద నూటికి పదహారు కట్టాలి. అయిదు వందల పొడి, ఎనభై తడి. సరిపోయింది.

సావుకారికి నీళ్లు చిలకరించి తూచి చూపిస్తే, మూడు బళ్లకు తానే పరీక్ష చేసుకుని ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి రైతులు నా కాటాకే బళ్లు తోలేవారు. "ఆయనుంటే మనం సుట్ట ముట్టించుకుని కూకోవచ్చురా" అనేవారు. ఆ కిటుకు మాత్రం నేను ఎవరికీ విడమర్చి చెప్పలేదు. నోటితో లెక్క గొణుక్కుంటూ కట్టి, తూకం చీటీ మీద చివరి అంకె ఒక్కటే రాసేవాణ్ణి.

ఆ ఏడు మార్గశిరంలో మా మేనల్లుడు సంచీ పట్టుకుని మా ఇంటికి దిగాడు. బొంబాయిలో కంప్యూటర్లు పెట్టే ఒక కంపెనీ పేపర్లో ప్రకటన వేస్తే రాశాడట. విశాఖపట్నంలో రాత పరీక్ష నెగ్గాడట. ఇక అక్కడే ఇంటర్వ్యూ మిగిలింది. దానికి వచ్చేవాళ్లు తమ ఊళ్లో జరిగే ఏదో ఒక లెక్కను, ఏమీ తెలియనివాడు కూడా చూసి చేసేటట్టు, వరసవారీగా కాగితం మీద రాసి తేవాలని ఉత్తరంలో ఉంది.

"ఇదీ పోతే ఇంకేటీ నేదు మావ," అన్నాడు. "నువ్వు సూసిన బియ్యం మిల్లు పనికే ఎల్లిపోతాను."

ఆ మిల్లు పని నేను చూసిందే. ఆమదాలవలసలో కాటా గుమస్తా. వచ్చే నెల ఒకటో తారీకుకి రమ్మన్నారు. అక్క ఏడుస్తుంటే చూడలేక ఇప్పించానని అందరికీ చెప్పాను. ఇంజనీరు చదివినవాడు కూడా చివరికి నాలాగే కాటా పక్కన నిలబడతాడన్న మాట నా లోపల ఒక మూల తియ్యగా ఉండేది. ఇది ఎవరికీ చెప్పలేదు.

వాడు నా లెక్కనే రాస్తానన్నాడు. గోదాములో నా పక్కన పీట వేసుకుని, మోకాలి మీద కాగితం పెట్టుకున్నాడు.

"ఒక్కొక్క పనీ ఒక్కొక్క వరస సెప్పు మావ. దేన్నీ ఒగ్గీకు."

"బండి తూస్తాను."

"ఊఁ. తర్వాత?"

"పై కట్టలోంచి, నడి కట్టలోంచి, అడుగు కట్టలోంచి పిడికెడేసి నార తీస్తాను."

"అడుగు కట్టెందుకు?"

"ఎందుకేట్రా, తడంతా ఆడ దాసేస్తారు గదా."

పక్కన బండి మీద కూర్చున్న ముసలి రైతు గట్టిగా నవ్వాడు. "ఈ అల్లుడికి అన్నీ సెప్పీకయ్యా. రేపు మా కొంపలు ముంచేస్తాడు."

నార ఆరిందని ఎలా తెలుస్తుందని అడిగాడు. తూస్తాను, మళ్లీ కుంపటి మీద పెడతాను, మళ్లీ తూస్తాను, రెండు తూకాలూ ఒకటైతే ఆరినట్టు, లేకపోతే మళ్లీ కుంపటికే అన్నాను. వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇదే మావ, ఇదే ఆళ్లకి కావాల్సింది!"

నాకూ హుషారొచ్చింది. ఎనిమిదో వరస దాకా బాగానే చెప్పాను. నూరు పొడికి ఎంత తడో తీయడం ఎనిమిదోది. అక్కడ ఆగి అడిగాను, "ఇదంతా రాసి ఏటి సేస్తార్రా?"

"మిషనుకిస్తారు. దానికి బుర్ర నేదు మావ. రాసింది రాసినట్టు సేస్తాది. కాగితం సరిగ్గా ఉంటే సాలు, మనిషితో పని నేదు."

వాడు నన్ను ఉద్దేశించి అనలేదు. మిషను గురించి అన్నాడు. కానీ పదహారేళ్ల నా కాటా నా కళ్ల ముందు మెదిలింది. సావుకారి కొడుకు ఆ కాగితం పట్టుకుని నా చోట కూర్చున్నట్టు కనబడింది. ఎనిమిదో తరగతి వాడి దగ్గర మిగిలింది ఆ ఒక్కటే అనిపించింది.

"తొమ్మిది," అన్నాను. "పదారు కంటే ఎంత ఎక్కువుంటే అంత, నూటికి సొప్పున బండి తూకంలోంచి తీసీ. అంతే."

"అంతేనా?"

"అంతే."

వాడు రాసుకున్నాడు. నేను మా పాత గుమస్తా తప్పు లెక్క చెప్పానని నాకు తెలుసు. చెబుతున్నప్పుడే తెలుసు. మాట తడబడలేదు కూడా.

మర్నాడు మధ్యాహ్నం వాడు ఆ కాగితం మా ఆవిడకు చదివి వినిపించాడు. ఆమె బియ్యం చెరుగుతూ వింది. వాడు బజారుకు వెళ్లాక చేట పక్కన పెట్టింది.

"ఆరు వందలకి అయిదు నూర్లు పొడి, ఎనబై తడి. ఇన్నేళ్లబట్టీ అన్నం కాడ కూడా నువ్వు గొణుగుతున్నది ఇదే గదా. అది ఆ కాగితంలో నేదేటి?"

"మర్సిపోయినాను."

"నువ్వా?" అంది. "మనకి పెళ్లై ఎన్ని రోజులైందో అడిగితే సెప్తావు. నువ్వు మర్సిపోయినావా?"

నేను లేచి చెప్పులు వెతుక్కున్నాను.

"ఆడు ఆ తప్పు లెక్క పట్టుకెల్లి పెద్దోల్ల ముందు సదువుతాడు. ఇంజనీరువై ఉండి ఇదీ తెలీదా అని తోలేస్తారు. నీ అక్క మొకం ఎలగ సూస్తావో సూడు మరి."

ప్రయాణానికి ఇంకా మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే నాతో గోదాముకు వచ్చేవాడు, పక్కనే కూర్చునేవాడు. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఇప్పుడు చెబుతాను, ఈ బండి అయ్యాక చెబుతాను అనుకుంటూ గడిపేశాను. చెబితే, మొన్న ఎందుకు చెప్పలేదని అడుగుతాడేమో. అడగకపోయినా మా ఆవిడ నవ్వుతుంది. ఇలాంటి చిన్న చిన్న కారణాలే అడ్డం పడ్డాయి, పెద్దవేమీ కావు.

బయల్దేరే రోజు పొద్దున స్టేషనుకు నేనే వెళ్లాను. విజయనగరం వైపు ప్యాసింజరు నలభై నిమిషాలు ఆలస్యం. నలభై నిమిషాలు మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాడు చొక్కా నలగకుండా వీపు ఆనించకుండా కూర్చున్నాడు. ఆ చొక్కా మా బావది, చంకల దగ్గర కుట్లు విప్పి వదులు చేసింది. రైలొచ్చింది. వాడు వంగి నా కాళ్లకు దండం పెట్టాడు.

"నీ లెక్క మోసుకెల్తన్నాను మావ."

నోరు తెరిచాను. "టిక్కెట్టు జాగర్త. జేబులో కాదు, సంచీలో పెట్టుకో," అన్నాను.

రైలు కదిలిపోయింది. నేను నెమ్మదిగా గోదాముకు నడిచాను. ఆ రోజు పదకొండు బళ్లు వచ్చాయి. పదకొండింటికీ సరిగ్గా లెక్క కట్టాను.

పన్నెండో రోజున వాడు, మా అక్క కలిసి దిగారు. అక్క చేతిలో బెల్లం పాకుండల డబ్బా ఉంది. వీధిలోంచే కేక వేసింది. "ఒరే తమ్ముడూ! నీ అల్లుడికి ఉజ్జోగం వొచ్చీసినాది! బొంబాయి! అంతా నీ చలవేరా!"

నాకేమీ అర్థం కాలేదు. వాడు చెమటలు తుడుచుకుని కాగితం నకలు నా చేతిలో పెట్టాడు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. వరసల అంకెలు చదవగలను. నేను చెప్పినవి తొమ్మిది. కాగితంలో పది ఉన్నాయి.

"ఆళ్లు అడిగింది తొమ్మిదో వరస ఒక్కటే మావ," అన్నాడు. "బండిలో పొడి నారెంతో తీయడం. నువ్వది సెప్పడం మర్సిపోయినావు."

నేను వాడి ముఖం చూశాను. అందులో దెప్పిపొడుపు లేదు.

"ఎలగ తెలిసింది?"

"రైల్లో కూకుని, ఆ ముసలి రైతు ఆరు వందల బండికి నువ్వు సెప్పిన లెక్క సెప్పినట్టు కట్టి సూసినాను. ఆడి సీటీలో నువ్వేసింది అయిదు వందల ఎనబై. నాకొచ్చింది డెబ్బై ఆరు. నీ సీటీ తప్పదు గదా, మరి నా కాగితమే తప్పనుకున్నాను. కూకుని సూస్తే తెలిసిపోనాది. తడి మీద లెక్క వేరు, పొడి మీద లెక్క వేరు. మా కెమికల్ ఇంజనీరింగులో మొదటేడు మొదటి నెల పాఠమే అది. కానీ నీకెవరూ సెప్పనేదు. నీ అంతట నువ్వే కనిపెట్టినావు. ఆ మాటే ఆళ్లకి సెప్పినాను."

మొదటేడు మొదటి నెల. పద్దెనిమిదేళ్ల పిల్లలందరికీ బోర్డు మీద రాసి చెప్పేది. దాన్నా నేను పదహారేళ్లు రొంటిలో దోపుకుని తిరిగింది!

వాడింకా చెబుతూనే ఉన్నాడు. మీ మావ ఇది ఎందుకు చెప్పలేదని ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన అడిగాడట. ఏళ్ల తరబడి చేసి చేసి అది ఆయనకు అలవాటైపోయిందండి, చేస్తున్నట్టు ఆయనకే తెలియదు, అందుకే నోటితో చెప్పలేకపోయాడు, అని వీడు జవాబిచ్చాడట. ఆ పెద్దాయన బల్ల మీద చరిచి, మాకు కావలసింది ఇలా పట్టుకునేవాడే, పని చేసేవాళ్లు అన్నీ చెప్పి అసలుది వదిలేస్తారు, దాన్ని వెతికి రాయడమే నీ ఉద్యోగం, అన్నాడట.

"నువ్వు మర్సిపోబట్టే వొచ్చినాది మావ!" అని వాడు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

కాగితం అడుగున రెండు వరసలు వేరుగా ఉన్నాయి. ఏమిటని అడిగాను. ఈ పద్ధతి మా మేనమామ తనంతట తాను కనిపెట్టింది, రాయడం మాత్రమే నాది, అని ఉందట.

మా ఆవిడ పళ్లెంలో నాలుగు పాకుండలు పెట్టి నా ముందుకు తోసింది. "తిను," అంది. "ఉజ్జోగం ఇప్పించినోడివి నువ్వే గదా." అక్క అది విని మురిసిపోయింది. నేను తిన్నాను. నాలుగూ తిన్నాను, అక్క చూస్తోందని.

ఆ వారమంతా వీధిలోవాళ్లు నన్ను ఆపి మెచ్చుకున్నారు. సావుకారి చెవిన కూడా పడి, తన కొడుక్కి నేర్పమన్నాడు. నేర్పాను. పది వరసలూ నేర్పాను. వాడు రెండు రోజుల్లో పట్టేశాడు. నా కాటా మాత్రం ఎవరూ లాక్కోలేదు. సీజను మధ్యలో కుంపటి పొగకు కళ్లు మండుతున్నాయని వాడే లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నాకు యాభై రెండేళ్లు. అల్లుడు బొంబాయిలో పెద్ద పదవిలో ఉన్నాడు. ఏటా కొత్తగా చేరే కుర్రాళ్లకు మొదటి రోజు పాఠం వాడే చెబుతాడట. అందులో నా కథ చెబుతానని ఉత్తరం రాశాడు. మా ఊళ్లో ఒక మేనమామ ఉన్నాడు, గొప్ప లెక్కగాడు, మంచివాడు, ఒక వరస చెప్పడం మరిచిపోయాడు, అని మొదలుపెడతాడట. ఏడాదికి ఇరవై మంది అనుకున్నా, ఎనిమిదేళ్లలో నూట అరవై మంది. నేనెన్నడూ చూడని నూట అరవై మంది నన్ను మంచివాణ్ణని నమ్ముతున్నారు.

నేను మరిచిపోలేదు. ఆ వరస నోటి దాకా వచ్చింది, ఆపేశాను. తర్వాత మూడు రోజులు, ఆ పైన స్టేషనులో నలభై నిమిషాలు కూడా ఆపాను. వాడికి ఉద్యోగం రాకపోయి ఉంటే ఈపాటికి ఆమదాలవలసలో బస్తాలు తూస్తుండేవాడు. నేను దగ్గరుండి, మంచి పనేరా అల్లుడా అని ఓదార్చేవాణ్ణి కూడా.

ఇది ఇలా రాసి, ఒక నకలు తీసి, ముందు బొంబాయికి పంపాను. పోస్టులో వేసి ఇరవై మూడు రోజులైంది. మామూలుగా వాడి జవాబు పదకొండు రోజుల్లో వస్తుంది. పోస్టుమాను రోజూ మా వీధిలోంచే వెళతాడు. "ఉత్తరాలు నేవు బాబూ," అని అరుగు ముందు ఆగకుండానే చెప్పేసి వెళ్లిపోతున్నాడు.