జానయ్య కట్టిన నాలుగో ముడి

మిర్యాలగూడలో తెల్లదొరలు కట్టిపోయిన ప్రెస్బిటేరియన్ చర్చికి ముందట ఆరు స్తంభాలు. ఆరూ గుండ్రటివి, రెండున్నర నిలువుల ఎత్తు. వాటి మీద పెద్ద త్రికోణం గోడ. ఆ ఆరింటిలో ఎడమ చేతి పక్క రెండోది పెంటమ్మది. కాగితాల మీద కాదులెండి. ఆమె చర్చి గడప ఎన్నడూ దాటలేదు, ఆమె మొక్కేది నర్సిమ్మసామికి. అయినా రోజూ పొద్దుగాల కూలికి పోయేముందు మెట్లెక్కి, చెయ్యి పైకి చాపి, ఆ స్తంభాన్ని ఒక్క చోట తాకి దిగిపోయేది. చర్చి పాస్టరు ఆనందం అయ్యగారు చూసీ చూడనట్టు ఊకునేటోడు.

ఆ స్తంభం మీది సున్నం పని ఆమె పెనిమిటి జానయ్యది. యాభై ఆరులో వానలకు పాత గచ్చు పెచ్చులు పెచ్చులుగా రాలితే ఆయన కొత్తది పూసిండు. సున్నం నూరిందీ, కరక్కాయ నీళ్లు కలిపిందీ పెంటమ్మ.

దొరల స్తంభాల్లో ఒక కిటుకు ఉంది. సూడబోతే నిలువు, కొలవబోతే కాదు. నడుమ కాడ రవ్వంత ఉబ్బి, మీదికి పోను పోను సన్నబడతయి. ఆ ఉబ్బు లేకపోతే దూరం నుంచి నడుము పీక్కపోయినట్టు కనబడతయి. ఈ కొలత కోసం జానయ్య దగ్గర ఒక తాడు ఉండేది. దానికి కింది నుంచి మీదికి మూరకొకటి చొప్పున తొమ్మిది ముడులు. ముడి ముడికీ ఒక నూలుదారం. ఆ ఎత్తులో స్తంభం చుట్టుకొలత ఎంతుండాల్నో ఆ దారం అంత పొడుగు.

అన్నిట్లకెల్ల పొడుగున్న ఉబ్బు కాడి దారాన్నీ, దాని పక్కదాన్నీ ఎలుక కొరికి ఊడగొట్టింది. జానయ్య చిన్నదాన్ని ఐదో ముడికి, పొడుగుదాన్ని నాలుగో ముడికి కట్టిండు.

"గది ఐదో ముడిది" అన్నది పెంటమ్మ.

"నాలుగే" అన్నడు జానయ్య.

పని అయినంక సూస్తే ఏముంది, పక్క స్తంభాల కంటే ఉబ్బు మూరెడు కిందికి వచ్చింది. "నీ తీరుగనే నీ స్తంభానికీ పొట్ట జారింది" అని ఆమె నవ్వింది. ఆయన మూడు దినాలు మాట్లాడలే. నాలుగో దినం అన్నం కాడ కూసోని, "నాలుగే" అన్నడు. మొండి మనిషి. అరవై ఒకటిలో పచ్చకామెర్లతో దవాఖానల పానం ఇడిచిండు గానీ, ఐదని మాత్రం ఒప్పుకోలే.

పిల్లలు లేరు. కొట్లాడేటందుకు కూడా ఇంట్ల ఇంకో మనిషి లేకుండె. పెంటమ్మకు అన్నిటికంటే కష్టమైంది అదే. కూర ఉప్పగున్నా ఎవరూ ఏమీ అనరు.

అరవై ఎనిమిదిలో మళ్ల చర్చికి మరమ్మతు పెట్టిన్రు. ఈసారి కోదాడ నుంచి సత్యనారాయణ అనే మేస్త్రి సిమెంటు బస్తాలతో దిగిండు. పెంటమ్మ అప్పుడు వేములపల్లిల కోతలకు పోయింది. పది దినాలకు తిరిగొచ్చి, మెట్లెక్కి చెయ్యి చాపింది. చేతికి సాఫుగా, చల్లగా సిమెంటు తగిలింది. రోజూ తాకే ఉబ్బు లేదు.

మేస్త్రి తప్పేం లేదు, పాపం. దారానికి ఇనుప గుండు కట్టి వదిలి సూసిండు, స్తంభం వంకరున్నది. పాత గచ్చు చెక్కి, నిట్టనిలువుగా సిమెంటు పూసిండు. తెల్లారి మిగతా ఐదూ చెక్కేటట్టున్నడు.

పెంటమ్మ అయ్యగారి దగ్గరికి పోయి, "జర రోడ్డు మీదికి రండ్రి" అన్నది. మేస్త్రి కూడా వెంట వచ్చిండు. రోడ్డు అవతల నిలబడి సూస్తే ఐదు స్తంభాలు నిండుగా ఉన్నయి, రెండోది ఒక్కటి నెల రోజులు లంఖణం ఉన్న మనిషి తీరుగా ఉంది.

"గుండు పెట్టే చేశానండీ" అన్నడు మేస్త్రి, గొంతు తగ్గించి. "ఈ రకం పని నాకు రాదండీ."

"మరి ఎవరికొస్తది?" అన్నడు అయ్యగారు.

"తాడు నా తాన ఉంది" అన్నది పెంటమ్మ.

ఆడమనిషి సున్నం నూరుతది, మోస్తది గానీ తాపీ పట్టదు. అట్ల పట్టుడు మిర్యాలగూడల ఎవరూ సూడలే. అయినా అయ్యగారు సరేనన్నడు. మేస్త్రి సిమెంటు చెక్కేసి, ఎక్కి పని చేసేటందుకు బొంగులు కట్టి ఇచ్చిండు. "ఆరూ ఒక్క తీరుగ ఉండాలె పెంటమ్మా" అని అయ్యగారు మరీ మరీ చెప్పి పోయిండు.

ఆమె తాడు వేలాడదీసింది. పొడుగు దారం ఇంకా నాలుగో ముడికే ఉంది. దాన్ని విప్పి ఐదో ముడికి, ఐదోదాన్ని నాలుగో ముడికి మార్చి కట్టింది. పన్నెండేండ్ల సంది ఆమె చెప్తున్నది అదే కద. కట్టి, చెయ్యి పైకి చాపింది. మునివేళ్ల మీద లేచి సూసింది. ఐదో ముడి అందలే.

చెయ్యి దించింది. తర్వాత రెండూ విప్పి పొడుగు దారాన్ని మళ్ల నాలుగో ముడికే కట్టింది.

పదిహేను దినాలకు పని అయింది. అయ్యగారు తల ఎత్తి సూసి, "ఉబ్బు జర కిందికి వచ్చినట్టుంది?" అన్నడు.

"మునుపు గట్లనే ఉండె" అన్నది పెంటమ్మ.

ఆయన లోపలికి పోయి తలుపు దగ్గరేసుకున్నడు.

సున్నం ఆరినంక ఒక పొద్దుగాల మెట్లెక్కి చెయ్యి చాపింది. ఉబ్బు సరిగ్గా అరచేతికి వచ్చింది.

"నాలుగే తియ్" అన్నది పెంటమ్మ. లోపల ఎవరో పాట మొదలుపెట్టిన్రు. ఆ మాట ఇనాల్సినోడు పోయి ఏడేండ్లయింది.