పసుపు కింద కత్తి

మా ఇంటి ఓనరమ్మ పోయారు. దినాలైనా కాకముందే సందు మలుపులోకి జేసీబీ వచ్చింది. "ముసలమ్మ లేదంట గదా" అన్నాడు కాంట్రాక్టరు, పెద్ద అడ్డు తొలగిపోయినట్టు. నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

నార్సింగిలో అద్దాల మేడలే చూసినవాళ్ళకు వాటి వెనక పాత ఊరు ఒకటుందని తెలియదు. అక్కడే, ఆవిడ ఇంట్లో కింద వాటా నాది. ఆవిడ పురావస్తు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అయినా మా సందుల్లో ఎవరు పునాది తీసినా, పైపులైను వేసినా, గొయ్యి పక్కన గొడుగేసుకుని నిలబడేవారు. ముందు కూలీలకు టీ పోసేవారు, ఆ తర్వాత మొదలుపెట్టేవారు: "గడ్డపార జర మెల్లగ బిడ్డా. పలిగినంక ఏడిస్తే అతుకుతదా?" దొరికిన కుండ పెంకులన్నీ పెరుగు డబ్బాల్లో పోసి మెట్ల మీద పెట్టేవారు. మా చెప్పులకు చోటుండేది కాదు. ఏమన్నా అంటే, "అవి నీకంటే ముందుగాల కిరాయికి దిగినయ్" అనేవారు.

ఆవిడకు అస్సలు పడనిది, పాత శిల్పాలకు పసుపు పూయడం. "మొక్కుర్రి, నేనొద్దన్ననా? పూయకుర్రి. చెక్కినోని పనితనం కనబడకుండ పోతది" అని గుడి ముందే ఆడవాళ్ళతో తగాదా పెట్టుకునేవారు.

అలాంటి మనిషి ఏం చేశారో చెప్తాను. ఆ మలుపులో డ్రైనేజీకి తవ్వుతుంటే నిలువు రాయి ఒకటి బయటపడింది. మట్టి తుడిస్తే కత్తి ఎత్తిన మనిషి. "వీరగల్లు. ఊరి కోసం కొట్లాడి సచ్చినోని గుర్తు" అన్నారు. తన పాత ఆఫీసుకు ఫోన్ చేస్తే రేపొస్తామన్నారు. డ్రైనేజీ కాంట్రాక్టరు అప్పటిదాకా ఆగనన్నాడు, తీసి పక్కన పడేస్తానన్నాడు. "ఏడ నిలబడ్డదో అదే దాని అడ్రస్. పెకిలిస్తే ఉత్త బండ" అన్నారు. చట్టం చెప్పారు, బతిమాలారు, తిట్టారు. జేసీబీ బకెట్టు పైకి లేస్తూనే ఉంది.

అప్పుడు నా వైపు తిరిగి, "ఉరుకు, దుకాన్ల పసుపు కుంకుమ పట్టుకరా" అన్నారు. తెచ్చాను. గోతిలోకి దిగి, తన చేత్తోనే రాయి నిండా పసుపు మెత్తి, బొట్లు పెట్టి, దండం పెట్టారు. డ్రైవరు ఇంజన్ ఆపేసి, కిందికి దిగి చెప్పులు విడిచాడు. "నేనైతే ముట్టనన్నా" అన్నాడు కాంట్రాక్టరుతో. మర్నాడు ఆఫీసర్లొచ్చి చూసి, కదపొద్దన్నారు. రాయి ఉన్నచోటే ఉంది. మా డ్రైనేజీ మాత్రం దాన్ని తప్పించుకుని ఇప్పటికీ వంకరగా పోతుంది.

ఆఫీసర్లు వెళ్ళగానే ఆవిడ రాయిని శుభ్రంగా కడిగేశారు. శుక్రవారానికల్లా మళ్ళీ పసుపు. పూసింది సందు చివర పూలమ్మే అక్క. ఓనరమ్మ కొట్లాటకు పోతే, "మొదలుపెట్టింది నువ్వే గదమ్మా" అంది. చివరికి రాజీ కుదిరింది: "శుక్రారం మీరు పూయుర్రి. శనారం నేను కడుగుత." మోకాళ్ళు పట్టేసినా శనివారం బకెట్టూ మెత్తటి గుడ్డా పట్టుకుని వెళ్ళేవారు. "నేను కడుగుతానండి" అంటే, "నీకు ఆఫీసు పని లేదా?" అని కసిరేవారు.

మొన్న కేబుల్ గొయ్యి తీయడానికి జేసీబీ వచ్చింది కూడా శనివారమే. ఆవిడ గొడుగు తీసుకుని వెళ్ళి, రాయికి ముందు నిలబడ్డాను.

"మీరెవరు మేడం?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఆవిడ ఇంట్లో అద్దెకుంటానండి. పురావస్తు ఆఫీసుకు ఫోన్ చేశాను. వాళ్ళొచ్చేదాకా కదలను" అన్నాను. కాంట్రాక్టరు గొణుక్కుంటూ, ఆపమని డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ఇంజన్ ఆగింది. అప్పుడు నా వెనక నీళ్ళ చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే, పూలమ్మే అక్క చెంగు దోపుకుని రాయి కడుగుతోంది. ముందురోజు తను పూసిన పసుపే.

"నువ్వా అక్కా?" అన్నాను.

"ఇయ్యాల శనారం గద" అంది, తలెత్తకుండానే.

పసుపు నీళ్ళు వంకర డ్రైనేజీలోకి పారుతున్నాయి. రాయి మీద కత్తి మెల్లగా బయటికొస్తోంది.